మైలోని కొమ్ము మందు

సారయ్య మాట పొదుపు మనిషి. పొద్దున కాడి కట్టినప్పటి నుంచి మాపటికి విప్పేదాక ఆయన నోటి నుంచి వచ్చేది ఎడ్లను మళ్లించే కూత, నిలబెట్టే కూత, అంతే. రఘునాథపల్లి అవతల వాళ్ళ ఊళ్ళో ఎవరికన్నా సారయ్యతో పని పడితే ఆయన భార్య మల్లక్కను అడిగేవాళ్ళు. మల్లక్క ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది.

కొట్టంలోకి పోతే మాత్రం సారయ్యకు నోరొచ్చేది. ఆయనకు రెండు ఎడ్లు. తెలుపులో బూడిద కలిసినట్టుండేవాడు మైలోడు. ఎర్రగా ఉండేవాడు పుల్లోడు. లేగలప్పుడే తెచ్చి రెంటినీ ఒక్క కాడికి అలవాటు చేసిండు. సొప్ప వేస్తూ, ఒళ్ళు రుద్దుతూ ఊరి ముచ్చట్లన్నీ వాటికి చెప్పేవాడు. మల్లక్క గడప మీద కూర్చుని వినేది.

"నాతోని చెప్పవు గని వాటితోని చెప్తవు. నేను గూడ కొమ్ములు పెట్టుకోవాల్నా?" అనేది.

సారయ్యకు ఒక పట్టింపు ఉండేది. జోడి అంటే జోడే. మైలోనికి గుప్పెడు పత్తిగింజలు పెడితే పుల్లోనికీ గుప్పెడు పెట్టాలె. ఒకనికి కొత్త పలుపు కొంటే రెండోవానికీ కొనాలె. ఒకనికి జ్వరమొచ్చి కషాయం పోస్తే, ఏ రోగం లేని రెండోవాడూ తాగాలె. పుల్లోడు ఎన్నిసార్లు ఉత్తపుణ్యానికి చేదు కషాయం తాగిండో లెక్క లేదు.

ఎనభై రెండో సంవత్సరం, యాసంగి నాట్లు పడుతున్న రోజుల్లో మైలోడు తల ఒక పక్కకు వంచి నిలబడటం మొదలుపెట్టిండు. కుడి కొమ్మును గుంజకు రాసుకునేవాడు, తల విదిలించేవాడు. ఒకనాడు మూతి తుడుస్తుంటే సారయ్య చేతికి నెత్తురంటింది. ముక్కులోంచి వచ్చింది. కొమ్ము పట్టి చూస్తే మొదట్లో మెత్తగా, వేడిగా ఉంది, కొంచెం కదిలింది కూడా. సారయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నడు. ఆ రోజు కొట్టంలో ముచ్చట్లు లేవు.

సంగతి తెలిసి మల్లక్క తమ్ముడు గట్టయ్య వచ్చిండు. అంగళ్ళు తిరిగి పశువుల బేరాలు చేసే మనిషి.

"బావా, ఇది కొమ్ము కుళ్ళే రోగం. బతికినదాన్ని నేను చూడలే. నడిచేటప్పుడే అంగడికి కొట్టుకపోదాం. పడ్డంక ఎవడు కొంటడు?"

"ఇప్పుడు మాత్రం ఎవడు కొంటడురా?" అన్నది మల్లక్క.

రోగపు ఎద్దును కొనేది ఎవరో, ఎందుకో అందరికీ తెలుసు.

సారయ్య ఎడ్ల ముందర సొప్ప వేసి వచ్చి, "ఏరువాక దాక చూస్త," అన్నడు.

"ఏరువాకకు కాడి గుంజకపోతే?"

"నువ్వే కొట్టుకపో."

గట్టయ్య అక్క వైపు చూసిండు. బావ నోట ఒక్క పూటలో ఇన్ని మాటలు ఆయన వినలేదు.

*

తెల్లారి సారయ్య, మల్లక్క మైలోన్ని తోలుకుని స్టేషన్ ఘన్‌పూర్ పశువుల దవాఖానకు పోయిండ్రు. పుల్లోడు కూడా వెంట ఉన్నడు. దవాఖాన ముందర తెల్లకోటు వేసుకున్న ఒక ఆడపిల్ల గేదె నోట్లో చెయ్యి పెట్టి చూస్తున్నది. సారయ్య ఆమెను దాటి, పక్కన మందుల డబ్బాతో ఉన్న పెద్దమనిషికి దండం పెట్టిండు.

"నాకు కాదు, ఆమెకు పెట్టు. ఆమెనే డాక్టరు. నేను కాంపౌండరు రామలింగాన్ని," అన్నడాయన. ఆ మాట ఆయన రోజూ అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయినట్టున్నడు.

డాక్టరమ్మ పేరు హన్నా. ఖాజీపేట పిల్ల. చదువయ్యి కొత్తగా వచ్చింది. గేదె పని ముగించి చెయ్యి కడుక్కుని వచ్చింది.

"ఏ ఎద్దుకు బాగలేదు పెద్దయ్యా?"

సారయ్య మైలోని వీపు మీద చెయ్యి వేసిండు.

"మరి అదెందుకు తెచ్చినవ్?"

"అది జోడి డాక్టరమ్మా. దీన్ని విడిచి అది మేత ముట్టది. మా ఆయన గూడ ముట్టడు," అన్నది మల్లక్క.

డాక్టరమ్మ కొమ్మును తట్టింది, మొదలు నొక్కింది, ముక్కులోకి టార్చి వేసి చూసింది. "ఇది క్యాన్సర్. మనుషులకొచ్చే లెక్కనే ఎడ్లకు కొమ్ముల వస్తది. లోపల గడ్డ పెరుగుతాంది. కొమ్ము తీసెయ్యాలె. తీసినా మళ్ళ మొలిచే గుణం దీనిది."

సారయ్య మొహం చూసి ఆమె అక్కడే గట్టు మీద కూర్చున్నది.

"ఇంకోటి ఉన్నది. నేను చదివిన కాడ మా సార్లు చేసి చూసిండ్రు. తీసిన గడ్డను మెత్తగ నూరి, మందునీళ్ళు కలిపి దాని పాణం తీసి, మళ్ళ అదే ఎద్దుకు సూదిమందు ఏసిండ్రు. టీకా ఉంటది గదా, అట్ల. ఒంట్లె పెరిగింది గనుక ఆ గడ్డ పరాయిదని ఒంటికి తెల్వది. సూదితోని చూపెడితే గుర్తుపట్టి దాని మీద పడుతది. కొన్ని ఎడ్లు బాగయినయ్. కొన్ని కాలే. నేను మాటయితే ఇయ్య."

మల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆలోచించింది. "అంటే డాక్టరమ్మా, పాలకు తోడు పెట్టినట్టన్నట్టు. దాని పెరుగే దానికి తోడు."

డాక్టరమ్మకు ఆ మాట మస్తు నచ్చింది. "ఆ, అట్లనే అనుకో మల్లక్కా. రామలింగం, విన్నవా? తోడట."

డాక్టరమ్మ నవ్వుతూ 'ఆ' అన్న ఆ ఒక్క మాటే తర్వాత అందరి మీదికొచ్చింది.

సారయ్య మైలోని ముకుతాడు డాక్టరమ్మ చేతిలో పెట్టిండు. ఒప్పుకున్నట్టు.

సూదిమందుతో తల మొద్దుబార్చి కొమ్ము తీసిండ్రు. పుల్లోడు పక్క గుంజ దగ్గర నిలబడి ఒకటే అరిచిండు. తీసిన గడ్డలో నుంచి మంచి ముక్క ఏరి, స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను సోడా దుకాణం నుంచి తెచ్చిన ఐసుగడ్డల మధ్య సంచిలో సర్దింది డాక్టరమ్మ. ఆమె చెల్లె కృపమ్మ వరంగల్‌లో ఒక దవాఖాన ల్యాబులో పని చేస్తది. మందు చేసేది అక్కడ. ఐసు కరగకముందే పోవాలె.

"నోరు లేనాయనను పంపుతున్నవు, తోవ ఎట్ల అడుగుతడు?" అన్నది మల్లక్క.

సారయ్య అప్పటికే సంచి పట్టుకుని స్టేషన్ దిక్కు నడుస్తున్నడు.

*

ప్యాసింజర్ బండి కిటకిటలాడుతున్నది. సారయ్య సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పొదివి పట్టుకున్నడు. ఎదురుగా తమలపాకుల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. సంచి మూతిలోంచి డబ్బా కనబడుతున్నది, కింది నుంచి నీళ్ళు కారుతున్నయి.

"ఏం కూర పెద్దయ్యా? పులుసు కారుతాంది."

సారయ్య తల అడ్డం ఊపిండు.

"కూర కాకపోతే మరి డబ్బల ఏందే?"

బండి పెండ్యాల దాటింది. ముసలమ్మ విడవలేదు. పక్కవాళ్ళు కూడా చూస్తున్నరు.

"నాది కాదు. ఎద్దుది," అన్నడు సారయ్య.

"అయ్యో, ఎద్దుకు సద్ది తీసుకపోతాండు," అన్నది ముసలమ్మ అందరికీ వినబడేటట్టు. "డబ్బల పెట్టి, ఐసు గూడ పెట్టి. మా ఇంట్లాయన నాకు ఎన్నడన్న తెచ్చిండా?"

రైలుపెట్టె మొత్తం నవ్వింది. ఎవరో జరిగి సారయ్య కాళ్ళు చాపుకునేటందుకు జాగ ఇచ్చిండ్రు. సారయ్యకు కూడా నవ్వొచ్చింది గాని, సంచి కదులుతదని ఆపుకున్నడు.

ల్యాబులో కృపమ్మ డబ్బా మూత తీసి చూసి, "మా అక్కతోని పెద్ద లొల్లి. మొన్న కోడిని పంపింది, ఇయ్యాల ఎద్దు," అంటూనే చేతులకు తొడుగులు వేసుకున్నది. ఆమె అన్న మాటకూ చేసే పనికీ సంబంధం లేదు. చెయ్యి మాత్రం బంగారం పని చేసినట్టు చేసింది. ముక్కను కల్వంలో నూరింది, వడగట్టింది, ఫినాయిల్ లాంటి వాసనొచ్చే మందునీళ్ళు కలిపింది. సీసా మీద అంటించేటందుకు కాగితం ముక్క తీసి, "పేరు?" అన్నది.

"సారయ్య."

"నీది కాదు పెద్దయ్యా. ఎద్దుది."

సారయ్య మెడ నిటారుగా పెట్టి, "మైలోడు," అన్నడు.

*

సీసా తయారై ఊరికి వచ్చింది. ఎండ తగలకుండా చల్లగా పెట్టమన్నరు గనుక మల్లక్క దాన్ని నీళ్ళ రంజను కింద తడి ఇసుకలో పూడ్చి, మూత మాత్రం పైకి కనబడేటట్టు ఉంచింది. రామలింగం వారం వారం సైకిలేసుకుని వచ్చి మైలోనికి సూది వేసి పోయేవాడు. పుల్లోడు మాత్రం తన బతుకులో మొదటిసారి, మైలోనికిచ్చే మందు తప్పించుకున్నడు. అయినా సూది కనబడ్డప్పుడల్లా వెనక్కి జరిగేవాడు.

కొమ్ము తీసిన చోట మానుతున్నది. మైలోడు తల నిలబెట్టి మేస్తున్నడు. సారయ్య కొట్టంలో మళ్ళా ముచ్చట్లు మొదలుపెట్టిండు. మైలోని మందు సంగతి ఊరంతా పాకింది.

పక్కింటి కట్టయ్యకూ ఒక ఎద్దు ఉన్నది. అది కూడా తల వంచుతున్నది. ఒకనాడు కట్టయ్య భార్య కట్టమ్మ గిలాస పట్టుకుని వచ్చింది. దీపం పెట్టకముందే వచ్చింది. దీపం పెట్టినంక ఎవరూ తోడు అడగరు, ఇయ్యరు.

"మల్లక్కా, మా ఎద్దు గూడ అట్లనే చేస్తాంది. మీ మందు జర తోడుకు పోస్తవా? ఇంత ఉంటే చాలు, మేం పెంచుకుంటం."

మల్లక్క పుట్టి బుద్ధెరిగినంక తోడు లేదన్న మనిషి కాదు. సీసా తవ్వి తీసి సగం గిలాసలో పోసింది. తోడు ఇచ్చిన గిన్నెను వెలితిగా ఉంచరు. అందుకని నీళ్ళు కాగబెట్టి, చల్లార్చి, సీసాను మళ్ళా మెడ దాక నింపి ఇసుకలో పెట్టింది. మంచి పని చేసిన అని నిద్ర కూడా బాగ పట్టింది.

రామలింగం ఆ సీసాలోంచి రెండుసార్లు సూది వేసి పోయిండు.

తర్వాత ఒకనాడు కట్టయ్య కొట్టం పక్క నుంచి పోతుంటే సారయ్యకు ఫినాయిల్ వాసన కొట్టింది. ఆగిండు. కట్టయ్య వెదురు గొట్టం కడుగుతున్నడు, ఎద్దులకు నోట్లో మందు పోసే గొట్టం.

"సారన్నా, నీ పేరు చెప్పుకుని బతుకుతం," అన్నడు కట్టయ్య. ఆయన మాటలకు అడ్డుకట్ట లేదు. "మల్లక్క ఇచ్చిన మందును మావోళ్ళు కుడితి గోలెంల పోసి తోడు పెట్టిండ్రు. గోలెమంత మందయింది. రోజుకు ఇంత గొట్టంతోని పోస్తాన్న. మంచిగ తాగుతాంది, మూతి నాకుతాంది. తగ్గుడయితే ఇంక తగ్గలే. జర ఎక్కువ పొయ్యాల్నా?"

సారయ్య గొట్టాన్ని చూసిండు, గోలేన్ని చూసిండు. ఇంటికొచ్చి సీసా తీసి, మూత విప్పి వాసన చూసిండు.

"నీళ్ళు పోసినవా?"

"తోడిచ్చిన," అన్నది మల్లక్క. "డాక్టరమ్మనే అన్నది గదా తోడని."

సారయ్య మైలోని దగ్గరికి పోయి కొమ్ము తీసిన చోట వేలితో తడిమిండు. అంచున చర్మం కింద శనగగింజంత గట్టిగా తగిలింది. మల్లక్కా తడిమి చూసింది. ఆమె అక్కడే సొప్ప మీద కూర్చుంది.

"తిట్టరాదు నన్ను. కట్టయ్య అయితే ఈపాటికి ఊరంత వినబడేటట్టు తిడుతుండె. నువ్వు తిట్టవు, నాకదే భయం."

సారయ్య ఆమె పక్కన కూర్చున్నడు. మైలోడు ఇద్దరి నడుమ మూతి పెట్టి సొప్ప లాక్కున్నడు.

"పొద్దున ఘన్‌పూర్ పోత. నువ్వు రాకు. నేనే చెప్త," అన్నడు సారయ్య.

*

డాక్టరమ్మ ముందర నిలబడి సారయ్య మొత్తం చెప్పిండు. తోడు సంగతి, గిలాస సంగతి, కాగబెట్టిన నీళ్ళు, కుడితి గోలెం, గొట్టం, శనగగింజ. మధ్యలో ఆగలేదు. రామలింగం చేతిలో దూది అట్లనే పట్టుకుని విన్నడు. చెప్పడం అయినంక సారయ్య నీళ్ళు అడుక్కుని తాగిండు.

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడి నుదురు పట్టుకున్నది.

"కుడితిల తోడు పెట్టిండ్రా?" అన్నది చివరికి.

"గోలెంల."

ఆమె భుజాలు కదిలినయి. ఏడుస్తున్నదనుకుని సారయ్య భయపడ్డడు. ఏడుపు కాదు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాక నవ్వి, కోటుతో మొహం తుడుచుకుని, మామూలైంది.

"తప్పు మల్లక్కది కాదు పెద్దయ్యా, నాది. తోడని ఆమె అంటే నేను ఆ అని ఊరుకున్న. ఎవరి కుండ పాలు ఆ కుండలనే తోడుకుంటయ్, పక్కింటి తోడు ఈ పాలకు పట్టది, ఇది ఆ తీరు తోడు అని చెప్పాలె గదా. మైలోని గడ్డ వేరు, కట్టయ్య ఎద్దు గడ్డ వేరు. పోసింది కడుపులకు పోతే ఇంక దేనికీ కాదు."

"మైలోడు?" అన్నడు సారయ్య.

"మళ్ళ మొలిచింది గదా. మొలిచిందంటే మందుకు సరుకు దొరికినట్టే. చిన్నగ ఉన్నప్పుడే తీస్త. ఈసారి కొత్తగ చేపిస్త, సగం కాదు, మొత్తం మందు పడాలె. కట్టయ్య ఎద్దును గూడ తెమ్మను. దాని మందు దానికే."

అట్లా రెండు ఎడ్ల గడ్డలూ తీసినంక, రెండోసారి వరంగల్ బండెక్కింది సారయ్య ఒక్కడే కాదు. కట్టయ్య కూడా ఉన్నడు. ఒళ్ళో ఒక్కో డబ్బా. డబ్బాలు రెండూ ఒక్క తీరుగా ఉన్నయి. కలిసిపోతే కొంప మునుగుతదని మైలోని డబ్బాకు వాని పాత పలుపు ముక్క కట్టింది మల్లక్క. కట్టయ్య డబ్బాకు కట్టమ్మ తన చీర అంచు చింపి కట్టింది. కట్టయ్య ఖాజీపేట దాక మాట్లాడుతూనే ఉన్నడు. సారయ్య రెండు డబ్బాల మీదా కన్నేసి ఉంచిండు.

తమలపాకుల ముసలమ్మ ఆ బండిలోనే ఉంది. "మళ్ళ సద్ది తీసుకపోతాండు. ఈసారి ఇద్దరికి," అన్నది.

కృపమ్మ కాగితం ముక్కలు రెండు తీసింది. "మైలోడు నాకెరికే. రెండోదాని పేరేంది?"

కట్టయ్య ఆలోచించిండు. "దానికి పేరు లేదు బిడ్డా. ఎద్దు అంటం."

"ఎద్దు అని రాస్తే ఊరందరి ఎడ్లకు పోస్తరు మీరు. మీ గోలెం సంగతి మా అక్క చెప్పింది. పేరు లేకపోతే మందు లేదు."

కట్టయ్య తల గోక్కున్నడు, సారయ్యను చూసిండు, పైకప్పును చూసిండు.

"నీ పేరేంది బిడ్డా?"

"కృపమ్మ."

"అయితే కృపోడు అని రాయి."

కృపమ్మ కలం పట్టుకుని అట్లనే ఆగింది. తర్వాత నవ్వకుండా రాసి, సీసాకు అంటించి, ఎండబెట్టింది. పక్క గదిలోకి పోయినంక మాత్రం ఆమె నవ్వు వరండా దాక వినబడ్డది.

*

ఈసారి సీసాల మీద మల్లక్క, కట్టమ్మ ఇద్దరూ కావలి. ఎవరన్నా తోడు అడిగితే మల్లక్క ముందుగాల, "పాలకా, ఎద్దుకా?" అని అడిగి, పాలకైతేనే పోసేది. ఎద్దుకైతే ఘన్‌పూర్ తోవ చూపించేది. ఎండకాలం గడిచింది. సారయ్య రోజూ పొద్దున మైలోని కొమ్ము చోటు వేలితో తడిమేవాడు. గట్టిగా ఏదీ తగల్లేదు. చర్మం దగ్గరికి వచ్చి, మూసుకుని, మీద సన్న వెంట్రుకలు కూడా మొలిచినయి. కృపోడు కూడా మేత మీద పడ్డడు. కొంచెం నెమ్మదిగా, కానీ పడ్డడు.

తొలకరి పడ్డది. ఏరువాక వచ్చింది.

పొద్దున్నే మల్లక్క తమ్ముడు గట్టయ్య భుజాన కొత్త పలుపు వేసుకుని దిగిండు. మాట ప్రకారం వచ్చిండు. ఆయన మొహంలో కూడా సంతోషం లేదు. ఇంటి ముందర డాక్టరమ్మ మంచం మీద కూర్చుని పండుగకు చేసిన పూర్ణం బచ్చాలు తింటున్నది, రామలింగం సైకిలు గోడకు ఆనించి ఉన్నది. మల్లక్క కొమ్ములకు పూసే ఎర్ర జాజు కలిపిన గిన్నె పట్టుకుని ఎడ్ల దగ్గర ఉంది.

"అక్కా, ఏమైంది?"

"నువ్వే చూడు."

సారయ్య కాడి ఎత్తిండు. పుల్లోడు మెడ పెట్టిండు. ఇటు పక్క ఒంటికొమ్ము మైలోడు, ఎవరూ పిలవకముందే వచ్చి కాడి కిందికి మెడ వంచిండు. ఇంటి వెనక చెలక దాక నడిచినయి. సారయ్య నాగలి దించి, చాలా రోజుల తర్వాత ఆ కూత వేసిండు. తడి మట్టి చీలింది. మైలోని భుజం ఉబ్బింది, పుల్లోని భుజం ఉబ్బింది, చాలు వంకర పోకుండా గట్టు దాక పోయింది. మలుపు తిరిగినయి, మళ్ళా వచ్చినయి.

గట్టయ్య గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడ్డడు.

డాక్టరమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కొమ్ము చోటు నొక్కి చూసింది. "ఏం లేదు."

"మళ్ళ రాదా?" అన్నది మల్లక్క.

"చూసుకుంటనే ఉండాలె. ఇయ్యాల్టికైతే లేదు."

సారయ్యకు ఆ మాట చాలు. మైలోని గంగడోలు నిమిరిండు.

మల్లక్క జాజు గిన్నె తెచ్చి మైలోని ఎడమ కొమ్ముకు పూసింది. పుల్లోని ఎడమ కొమ్ముకు పూసింది. పుల్లోని కుడి కొమ్ముకు చెయ్యెత్తి, ఆగి సారయ్యను చూసింది. సారయ్య తల అడ్డం ఊపిండు. ఆమె గిన్నె దించింది. ఆ ఏడు ఊళ్ళో ఎడ్లన్నీ రెండు కొమ్ములకు రంగుతో తిరిగితే, సారయ్య జోడి చెరొక్క కొమ్ముకు రంగుతో తిరిగింది.

గట్టయ్య దగ్గరికి వచ్చి, భుజాన ఉన్న కొత్త పలుపు తీసి మైలోని మెడకు తనే కట్టిండు.

"దీన్ని గుంజుకపోవడానికి తెచ్చిన. ఇక్కడనే ఉండనీ బావా."

సారయ్య పలుపు చూసిండు. మంచి పలుపు. తర్వాత పుల్లోని మెడ చూసిండు. పాత పలుపు, రెండు చోట్ల ముడేసింది. తర్వాత గట్టయ్యను చూసిండు.

"తెస్త," అన్నడు గట్టయ్య. "వచ్చే అంగట్ల ఇంకోటి తెస్త. అట్ల చూడకు."